దుగ్గా కొండ మీద దారి చూపిన పెద్దాయనకు

ట్యునీషియాలోని దుగ్గా రోమన్ శిథిల నగరంలో పేరు అడిగితే మీరు నవ్వి ఊరుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను చేయి పట్టుకుని, క్రీ.శ. 168-169 నాటి రంగశాల పైమెట్టు దాకా ఎక్కించారు. అక్కడి నుంచి చూస్తే లోయంతా ఆలివ్ తోటలు, పొలాలు! అమ్మ చాలాసేపు కదల్లేదు. ఆ తర్వాత దిగువనున్న, రోమన్ల కంటే ముందటి, 21 మీటర్ల సమాధి కట్టడం దగ్గరికీ తీసుకెళ్లారు. 1842లో దాని మీది శాసనం కోసం బ్రిటిష్ కాన్సుల్ దాన్ని కూల్చాడనీ, తర్వాత మళ్లీ నిలబెట్టారనీ, ఆ శాసనపు రాయి మాత్రం ఇప్పటికీ లండన్‌లోనే ఉందనీ చెబుతుంటే మీ గొంతులోని బాధ మాకూ తాకింది. డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు. పైగా మీ బండిలోనే దగ్గర్లోని తెబుర్సుక్ ఊరి దాకా దింపారు. అమ్మ ఇప్పటికీ మిమ్మల్ని తలచుకుంటూనే ఉంది. మా ఇంటిల్లిపాది తరఫున మీకు నమస్కారాలు.