చెరువు హద్దు కోసం ఒక ఏడాది: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో చెరువు హద్దు తేలేదాకా వదలొద్దని తీర్మానం చేసుకున్నాం. ఈ ఏడాది సంఘం పని చాలావరకు దాని చుట్టూనే తిరిగింది. హద్దు ఇంకా పూర్తిగా తేలలేదు. అయితే అప్పుడు మన చేతిలో ఫిర్యాదు కాగితాలు మాత్రమే ఉండేవి. ఇప్పుడు నక్షా ఉంది, కేసు నంబరు ఉంది, చెరువును చదవడం నేర్చుకున్న మనుషులున్నారు.

ముందు నక్షా సంగతి. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే గీతే ఎఫ్‌టీఎల్. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగా, వదలాలి. గీతే తెలియకపోతే ఎక్కడి నుంచి కొలుస్తాం? రాత్రిపూట లారీలు మట్టి పోసి పోతుంటే మనం ఏమీ చేయలేకపోయింది అందుకే. సమాచార హక్కు చట్టం కింద ఆ గీత ఉన్న నక్షా అడిగాం. 30 రోజులు దాటినా సంబంధిత కార్యాలయం పలకలేదు. మొదటి అప్పీలు వేశాకే ముద్ర వేసిన ప్రతి వచ్చింది.

నక్షా పట్టుకుని కట్ట మీద నిలబడితే మొదట మాకేమీ అర్థం కాలేదు. కాగితం మీదున్న తూము కళ్లకు కనబడదు. అప్పుడు ఒకప్పుడు ఇదే చెరువులో వల వేసి బతికిన గంగపుత్రుల పెద్దాయనను పిలుచుకొచ్చాం. ఆయన నక్షా వైపు చూడనే లేదు. నేరుగా నడిచి శిథిలాల కుప్ప దగ్గర ఆగి, తూము దీని కిందనే ఉందన్నాడు. మరికొంత దూరం పోయి వేపచెట్టు మీద చెయ్యి వేసి, "మత్తడి దుంకినప్పుడు నీళ్లు ఈ యాప చెట్టు మొదట్ల దాకా ఒస్తుండె" అన్నాడు. మత్తడి అంటే చెరువు నిండితే అదనపు నీళ్లు పొర్లిపోయే చోటు. నక్షాలో గీత కూడా సరిగ్గా ఆ చెట్టు వెనక నుంచే పోతోంది. ఇప్పుడు చెట్టు చుట్టూ నడుమెత్తు మట్టి. ఆయన మాటను ఉన్నదున్నట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్రతో ప్రమాణ పత్రం చేయించాం. మన దరఖాస్తులో దానికన్నా బలమైన కాగితం లేదని నా నమ్మకం.

ఆ దరఖాస్తు వేసింది పర్యావరణ వివాదాలు వినే జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో. దాని దక్షిణ మండల ధర్మాసనం చెన్నైలో ఉంది. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలే. కాలనీలోని న్యాయవాది ఒకరు పైసా తీసుకోకుండా వాదిస్తున్నారు. తెలుగు కాగితాలనూ, ఉర్దూలో ఉన్న పాత రెవెన్యూ కాగితాలనూ ఇంగ్లీషులోకి మార్పించడానికే మనకు ఎక్కువ ఖర్చయింది. స్థలాన్ని చూసి నివేదిక ఇవ్వమని ట్రైబ్యునల్ సంయుక్త కమిటీని వేసింది. కేసు నడుస్తోంది కాబట్టి అంతకుమించి ఇక్కడ రాయడం బాగుండదు.

ఒకచోట మాత్రం చేజార్చుకున్నాం. పై చెరువు నుంచి నీళ్లు తెచ్చే నాలా మీద ఎవరో స్లాబు వేశారు. అది మన కంట పడేసరికే ఎనిమిది నెలలు గడిచాయి. హరిత ట్రైబ్యునల్ చట్టం కింద ఆరు నెలల్లో వెళ్లాలి, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. దాన్ని ఇప్పుడు ప్రజాపీడ (పబ్లిక్ న్యూసెన్స్) కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు పెట్టాం. ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి పోయే గొలుసుకట్టు చెరువుల్లో ఒక నాలా మూసుకుంటే వాన నీళ్లు వీధుల్లో దారి వెతుక్కుంటాయి. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు కింది బస్తీలు ఎట్లా మునిగాయో మనలో చాలామందికి ఇంకా గుర్తే. రోజూ ఆ దారిన నడిచే మనుషులకు ఆ స్లాబు తప్పని తెలిసి ఉంటే మొదటి వారమే ఫిర్యాదు వెళ్లేది. శనివారం తరగతులు పుట్టింది ఆ బాధలోంచే.

సెల్లారులో చాప పరిచి నడిపే తరగతులివి. జంట జలాశయాల కేసు చెప్పుకున్నాం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996లో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో నూనె కర్మాగారం పెడతామన్న కేసులో 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. హాని లేదని నిరూపించుకోవాల్సింది పరిశ్రమేనంది. ఊరుమ్మడి చెరువుల ఆక్రమణలు తొలగించమన్న 2011 నాటి జగ్‌పాల్ సింగ్ తీర్పునూ చదివాం. వినడానికి వచ్చినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: "ఫొటో తీస్తే తేదీ ఎట్లా పడుతది?" తరువాతి వారమంతా అదే నేర్పాం.

పిల్లల నీటి పరీక్ష గురించి చెప్పకుండా ఉండలేను. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే మందు కలిపాక గోధుమరంగు తేలుతుంది, లేకుంటే తెల్లగానే ఉంటుంది. మత్తడి దగ్గరి సీసా లేత గోధుమరంగుకు తిరిగింది. మురుగు కలిసే చోట పట్టిన సీసా తెల్లగానే ఉండిపోయింది. ఏడో తరగతి పాప ఆ సీసాను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, చేపలు ఇక్కడ ఎట్లా ఊపిరి తీసుకుంటాయని అడిగింది. అక్కడున్న పెద్దలెవరూ మాట్లాడలేదు.

బతుకమ్మ నాడు ఆడపడుచులు కట్ట మీదికే వచ్చి ఆడారు. వాసన భరించలేక తంగేడు, గునుగు పూల బతుకమ్మలను బకెట్లలో నిమజ్జనం చేసి, అక్కడే వినతిపత్రం మీద సంతకాలు పెట్టారు. అందులో మహిళా విభాగం పడ్డ కష్టానికి సంఘం రుణపడి ఉంది.

మట్టి వినాయకుల పంపిణీ, మొక్కలు నాటడం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం.

ఇక ఒక్క విన్నపం. సంయుక్త కమిటీ వచ్చేలోగా పాత ఫొటోలు కావాలి. పెళ్లి ఆల్బమ్‌లో అయినా, బతుకమ్మ ఫొటోలో అయినా వెనకాల చెరువు నీళ్లు కనబడితే చాలు. వెనకవైపు తేదీ రాసి ఉంటే దాన్నీ ఫొటో తీసి ఇవ్వండి. అసలు ఫొటో మీ దగ్గరే భద్రంగా ఉంచండి, ట్రైబ్యునల్ అడిగితే చూపించాలి.

కార్యదర్శి