‘సాంకేతిక లోపం’ అంటే సరిపోదు

అయ్యా,

ఆన్‌లైన్ సేవలు నిలిచిన ప్రతిసారీ ‘సాంకేతిక లోపం’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడం పరిపాటైంది. నోడ్ జేఎస్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) వాడే సర్వర్లలో రసీదుల తయారీ, ఎస్సెమ్మెస్‌లు పంపడం వంటివి తెరవెనుక నడిచే ప్రోగ్రాములకు, అంటే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లకు అప్పగిస్తారు. 2020లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి, పట్టించుకోకుండా వదిలేసిన ‘ప్రామిస్’ (ఫలితం తర్వాత అందే పనికి కోడ్‌లో వాడే రూపం) వైఫల్యం ఒక్కటి చాలు, ప్రాసెస్ మొత్తం ఆగిపోతుంది. పీఎం2 వంటి సాధనం వెంటనే దాన్ని మళ్లీ లేపుతుంది కనుక పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, క్యూలో (చేయాల్సిన పనుల వరుసలో) భద్రపరచని పని మాత్రం గల్లంతే. పోనీ ఏం జరిగిందో నమోదయ్యే ఫైలు, అంటే లాగ్ చూద్దామంటే, దాన్ని ఎప్పటికప్పుడు విడగొట్టి పాతవి తొలగించే లాగ్‌రొటేట్ మాడ్యూల్ విడిగా పెట్టుకోనిచోట ఆ ఫైలే పెరిగి పెరిగి డిస్కును నింపేస్తుంది. లాగ్‌లోని ప్రతి నమోదుకూ సమయం, దరఖాస్తు సంఖ్య ఉండాలనీ, ఆధార్, ఫోన్ నంబర్లు అందులోకి చేరకూడదనీ ప్రభుత్వ పోర్టళ్ల టెండరు నిబంధనల్లోనే రాయాలని కోరుతున్నాను.

– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ