వికీసోర్స్ గ్రాంటు దరఖాస్తు: ఆదివారంలోగా మీ మాట చెప్పండి

అందరికీ నమస్కారం. తెలుగు వికీసోర్స్‌కి – అంటే స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు పుస్తకాలని ఉచితంగా చదువుకునేలా పెట్టే ఆన్‌లైన్ గ్రంథాలయానికి – మళ్ళీ జనాన్ని తేవాలని రాసిన దరఖాస్తు రెండుసార్లు చదివాను. ఆలోచన నచ్చింది. కానీ డబ్బులో ఎక్కువ భాగం ల్యాప్‌టాప్‌లకీ, వర్క్‌షాపు భోజనాలకీ పోతోంది. అసలు కొరత పుస్తకం స్కాన్‌తో పోల్చి పేజీలో తప్పులు దిద్దేవాళ్ళది కదా! ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగులోకి వస్తుంది, ఇంకొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. ఆ రెండో మనిషి దొరక్కే ఎన్నో పుస్తకాలు పసుపు దగ్గరే ఆగిపోయాయి. నాకు బాధ కలిగించేది అదే. కొత్తగా వచ్చినవాళ్ళకి పక్కన కూర్చుని నేర్పేదెవరు, ఆరు నెలల తరవాత ఎంతమంది మిగులుతారు అన్నది దరఖాస్తులో ఒక్క ముక్క లేదు. ఆ రెండూ రాయించాకే మద్దతు ఇద్దాం. వర్క్‌షాపు హాజరు చూసి మార్కులు వెయ్యకండి, దయచేసి. బడ్జెట్ లెక్కలు తెలిసినవాళ్ళు ఒకసారి చూసిపెట్టండి.