ఆ పుస్తకాన్ని చరిత్ర అరలో పెట్టండి

సంపాదకులు గారికి,

భీమవరంలో ఈమధ్య జరిగిన పుస్తక ప్రదర్శనలో హిట్లర్ ఆత్మకథను వ్యక్తిత్వ వికాసం పుస్తకాల మధ్య పెట్టి అమ్మారు. ఒక పక్క ఇంటర్వ్యూలో నెగ్గడం ఎలా, ఇంకో పక్క ధ్యానం. ఇంజనీరింగ్ కుర్రాడొకడు కొంటుంటే ఎందుకని అడిగాను. "పట్టుదల నేర్చుకోవచ్చంటండి. యూదుల్ని చంపడం అదీ గెలిచినోళ్లు రాసుకున్నదంట" అన్నాడు. వాణ్ణి ఏమనను? ఫోన్లో వచ్చింది నమ్మాడు.

నేను కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఆ కుర్రాడన్న మాట మీద 2000లో లండన్ హైకోర్టులో విచారణే జరిగింది. అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీ చరిత్ర ప్రొఫెసరు డెబోరా లిప్‌స్టాట్, యూదుల ఊచకోత జరగలేదని ప్రచారం చేసేవాళ్ల గురించి 1993లో ఒక పుస్తకం రాశారు. అందులో తననూ అలాంటివాడిగా రాశారని డేవిడ్ ఇర్వింగ్ అనే బ్రిటిష్ రచయిత 1996లో ఆవిడ మీదా, పుస్తకం వేసిన పెంగ్విన్ సంస్థ మీదా పరువునష్టం దావా వేశాడు. రాసింది నిజమని రుజువు చేసుకోవాల్సింది అక్కడి చట్టం ప్రకారం ప్రతివాదే. వాది లాయర్ని పెట్టుకోకుండా తనే వాదించుకున్నాడు. ఇలాంటి పార్టీలు వస్తే కోర్టు సిబ్బందికి ఎంత టెన్షనో మాకు తెలుసు!

లిప్‌స్టాట్ బోనెక్కలేదు. నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లనూ సాక్షులుగా పిలవలేదు. ఆ ముసలివాళ్లను ఇర్వింగ్ క్రాస్ చేసే అవకాశమే ఇవ్వలేదన్నమాట. కేసంతా కాగితాల మీదే నడిచింది. కేంబ్రిడ్జి ప్రొఫెసరు రిచర్డ్ ఎవాన్స్, ఇర్వింగ్ పుస్తకాల్లోని ఫుట్‌నోట్లు పట్టుకుని అసలు జర్మన్ పత్రాల దాకా వెళ్లారు. 1941 నవంబరు 30న హిట్లర్ ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్ తన ఫోన్ డైరీలో, బెర్లిన్ నుంచి వెళ్లిన ఒక యూదుల రైలు గురించి చంపొద్దని రాసుకున్నాడు. యూదులెవర్నీ చంపొద్దని హిట్లరే ఆజ్ఞ ఇచ్చినట్టు ఇర్వింగ్ దాన్ని మార్చేశాడు. ఒక సర్వే నంబరుకిచ్చిన స్టేని ఊరంతటికీ ఇచ్చినట్టు చదవడమే ఇది. ఇంతకీ ఆ రైలువాళ్లను అప్పటికే లాత్వియాలోని రీగా దగ్గర కాల్చేశారు.

2000 ఏప్రిల్ 11న జస్టిస్ చార్లెస్ గ్రే దావా కొట్టేశారు. వాది కావాలనే సాక్ష్యాలు వక్రీకరించాడనీ, యూదు ద్వేషి అనీ తీర్పులో రాశారు.

2006లో ఆస్ట్రియా ఇదే ఇర్వింగ్‌కు మూడేళ్ల జైలు వేస్తే లిప్‌స్టాట్ సమర్థించలేదు. అబద్ధాన్ని జైల్లో పెట్టడం ఆవిడ పద్ధతి కాదు. నేనూ ఆ పుస్తకాన్ని నిషేధించమనడం లేదు, అర మార్చమంటున్నాను.

ఆవిడ 2022 నుంచి 2025 జనవరి దాకా యూదు ద్వేషాన్ని ఎదుర్కొనే పనికి అమెరికా ప్రత్యేక రాయబారిగా ఉన్నారు. మనకెందుకు ఈ గోల అంటారా? 2008లో ముంబైలోని యూదుల కేంద్రం నారీమన్ హౌస్‌లో ఉగ్రవాదులు చంపింది ఎవర్ని, ఎందుకు? గాజా పిల్లల ఫొటోలు చూసి నాకూ అన్నం సహించలేదు. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించడం యూదు ద్వేషం కాదని లిప్‌స్టాట్ కూడా అంటారు. కానీ హిట్లర్ పని సగంలో ఆపేశాడని వాట్సాప్‌లో పెట్టేవాడు గాజా పిల్లల కోసమే ఏడుస్తున్నాడంటే నేను నమ్మను.

ఆ తీర్పు 300 పేజీలు దాటుతుంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుతున్న మా జిల్లా పిల్లలు పత్రాల గురించిన భాగమైనా చదవాలి. మీ ఆదివారం అనుబంధంలో దాని సారాంశం తెలుగులో వేస్తే, ఆ కాపీలు భీమవరం ప్రదర్శన నిర్వాహకులకు నేనే పట్టుకెళ్లి ఇస్తాను.

— ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా