పింగ్రీ భూమి పంచలేదు, అరువు తెచ్చారు

సంపాదకులకు,

నగరాల్లోని ఖాళీ స్థలాల్లో కూరగాయల సాగుపై మీరు వేసిన వ్యాసంలో, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఉన్న డెట్రాయిట్ నగరానికి 1890లలో మేయర్‌గా ఉన్న హేజెన్ పింగ్రీ పేదలకు భూమి పంచారని రాశారు. ఆయన ఎవరికీ సెంటు భూమి కూడా రాసివ్వలేదు.

1893 ఆర్థిక సంక్షోభంతో ఊళ్లో కర్మాగారాలు మూతపడ్డాయి. ధర పెరిగాక అమ్ముకుందామని యజమానులు పడావు పెట్టుకున్న స్థలాలను 1894 వేసవిలో పింగ్రీ సాగు కోసం అరువు అడిగారు. సుమారు 430 ఎకరాలు దొరికాయి. వాటిని దున్నించి, పావు ఎకరం నుంచి అరెకరం దాకా ముక్కలు చేసి, 900 పైచిలుకు కుటుంబాలకు అప్పగించారు. నాటడం, కలుపు తీయడం, తవ్వుకోవడం కుటుంబం పని, పంటా వాళ్లదే. ఈ ఖర్చుకు చర్చిలను చందా అడిగితే పెద్దగా రాలలేదు, దాంతో తన గుర్రాన్నే వేలానికి పెట్టారు. పని మొదలయ్యేసరికి జూన్ వచ్చేసింది. మిచిగన్‌లో శరదృతువు మంచు పడేలోపు దుంప ఊరాలంటే అది ఆలస్యమే. అయినా బంగాళాదుంప, చిక్కుడు, టర్నిప్ కలిపి ఖర్చుకు మించిన పంటే చేతికొచ్చింది.

లోపం అరువులోనే ఉంది. యజమాని అడిగిన రోజున ఖాళీ చేయాల్సిందే. అలాంటి నేలలో ఎవరు బావి తవ్విస్తారు, ఎవరు పశువుల ఎరువు తోలి నేలను బాగుచేసుకుంటారు? మంచి రోజులు రాగానే తోటలు ఇళ్ల స్థలాలైపోయాయి.

అదే మేయర్ 1895లో నడిపించిన నగర సొంత విద్యుద్దీపాల కేంద్రం సంగతి చూడండి. ప్రైవేటు కంపెనీ ధరలు భరించలేక వీధి దీపాలను నగరమే చేపట్టింది. ఆస్తి నగరానిది కావడంతో ఆ శాఖ శతాబ్దం దాటి నిలిచింది. ట్రామ్ కంపెనీలతో 3 సెంట్ల టికెట్ కోసం ఆయన పడ్డ గొడవ కూడా ఇలాంటి ప్రైవేటు ధరల మీదే. మీ వ్యాసంలో ఇవేవీ లేవు. చెప్పుల వ్యాపారంలో స్థిరపడి మేయరైన ఆయన్ని ఉత్త దుంపల మేయర్‌గా మిగల్చడం అన్యాయం.

ఇలాంటి పథకం ఎవరు తలపెట్టినా ముందు కౌలు పత్రం చూసుకోవాలి. కనీసం మూడేళ్ల గడువు, నీటి కుళాయి, పాత కట్టడాలున్న చోటైతే మట్టిలో సీసం పరీక్ష ఉండాలి. ఖాళీ చేయమనే నోటీసు కోత ముగిశాకే ఇవ్వాలన్న షరతు కూడా పత్రంలోనే రాయించుకోవాలి.

— ఒక పాఠకుడు