ఆటో డ్రైవర్ల సంఘం, అనంతపురం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరం, పిల్లలకు నోటు పుస్తకాలు, సప్తగిరి సర్కిల్లో చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. చలివేంద్రానికి మజ్జిగ పంపిన వాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు. ఇవి పోగా, ఈ ఏడాది మన టైమంతా ఇంధనం గొడవకే పోయింది.

వేసవి మొదలు ఏ స్టాండులో చూసినా ఒకటే మాట, "అన్నా, మైలేజీ పడిపోయింది" అని. పాతవూరు సభ్యుడొకరి పెట్రోలు బండి నడిరోడ్డు మీద ఆగిపోతే మెకానిక్ విప్పి చూపించాడు. పెట్రోలు పైపు చివర రబ్బరు ఉబ్బిపోయి ఉంది, గోటితో గీస్తే నల్లగా ఊడి వచ్చింది. ఆ ముక్కను మీటింగుకు పట్టుకొచ్చాం. ఇంజినీరింగ్ చదువుతున్న మన సభ్యుడి కొడుకు కూర్చోబెట్టి విషయం చెప్పాడు.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్, అంటే చెరకు, మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే ఆల్కహాల్, కలుస్తోంది. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పైగా అది నీటిని పీల్చుకుంటుంది, పాతరకం రబ్బరును పాడుచేస్తుంది. ఈ మిశ్రమం కోసం తయారుకాని కార్లకు 6–7 శాతం, టూవీలర్లకు 3–4 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. కాబట్టి మనవాళ్లది ఉత్త అనుమానం కాదు. అలాగని బండి మొరాయించిన ప్రతిసారీ నెపం ఇథనాల్ మీదికి తోసేస్తే ఎట్లా? ఎయిర్ ఫిల్టరు మార్చి ఎన్నాళ్లయిందో చెప్పలేని వాళ్లు ఆ మీటింగులోనే చాలామంది ఉన్నారు.

ఈ దారిలో మనకంటే ఎంతో ముందు నడిచింది బ్రెజిల్. చమురు ధరలు మండిపోయాక 1975లోనే చెరకు ఇథనాల్ కార్యక్రమం మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సమావేశాలప్పుడు మన దేశం, బ్రెజిల్, అమెరికా ముందుండి ప్రపంచ జీవ ఇంధన కూటమిని ఏర్పాటు చేశాయి. 2025 ఆగస్టు నుంచి బ్రెజిల్ 30 శాతం కలుపుతోంది. కానీ అక్కడ 2003 నుంచే ఏది పోసినా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లున్నాయి. బంకులో ఇథనాల్‌కు వేరే గన్ను ఉంటుంది. దాని రేటు పెట్రోలు రేటులో 70 శాతం లోపుంటే ఇథనాల్ కొట్టించుకుంటారు, దాటితే పెట్రోలు. అక్కడి డ్రైవరు లెక్క అంతే. మనం కలపడం నేర్చుకున్నాం గానీ, ఏది పోయించుకోవాలో తేల్చుకునే వీలు మాత్రం ఇక్కడి డ్రైవరుకు ఇవ్వలేదు. సంఘం అభ్యంతరం అక్కడే, ఇథనాల్ మీద కాదు. మొక్కజొన్న రైతు చేతిలో నాలుగు డబ్బులాడితే సంతకు మన ఆటోలోనే కదా వచ్చేది.

2020 ఏప్రిల్లో బండ్ల పొగకు కొత్త హద్దులు పెట్టిన బీఎస్-6 ప్రమాణం వచ్చినప్పుడు ఇంత రభస లేదు. అదీ యూరప్ ప్రమాణాలను చూసి తెచ్చుకున్నదే. ఇంధనంలో గంధకం పది లక్షల్లో 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు దిగింది, పాత బండ్లూ దాంతో ఇబ్బంది లేకుండా నడిచాయి.

ఇక కరెంటు ఆటోలు. పక్కనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో ఎలక్ట్రిక్ కార్లు తయారవుతున్నాయి. దేశంలో కార్ల ఛార్జింగ్‌కు స్థిరపడిన సీసీఎస్-2 అనే రకం ప్లగ్గు యూరప్‌ది. మొదట్లో ప్రభుత్వం పెట్టించిన భారత్ డీసీ ఛార్జర్లది చైనా రకం ప్లగ్గు. చిన్న బండ్ల కోసం ఏసీ, డీసీ రెండింటికీ పనికొచ్చే దేశీయ ప్లగ్గుకు 2023లో దేశంలో వస్తువుల ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ సంస్థ ప్రమాణం ఇచ్చింది, అయినా కంపెనీలన్నీ ఇంకా ఆ దారికి రాలేదు. మన సభ్యుడొకరు బ్యాటరీ అడుగంటిన టెన్షన్‌లో హైవే మీది ఛార్జింగ్ స్టేషనుకు పోతే, అక్కడున్నది కార్ల సీసీఎస్-2 గన్ను, దానికి పైన గుండ్రంగా ఏడు రంధ్రాలు, కింద రెండు లావు రంధ్రాలు. బండికి ఉన్నదేమో మామూలు మూడు పిన్నుల తీగ. చివరికి పక్కనున్న టీ కొట్టాయన పుణ్యాన గ్రైండరు తీసి 16 ఆంపియర్ల సాకెట్టు ఇస్తే ఇల్లు చేరాడు. దేశాలు కూర్చుని ఒక ప్లగ్గు మీద మాట కలుపుకోకపోతే తిప్పలు ఎవరికో ఇంతకంటే చెప్పాల్సిన పనిలేదు.

కార్యవర్గం అభిప్రాయం ఇది. టౌన్లోనే తిరిగే బండికి ఎలక్ట్రిక్ గిట్టుతుంది. తాడిపత్రి, ధర్మవరం బాడుగలకు ప్రస్తుతానికి సీఎన్‌జీయే నయం. కొత్త బండికి అడ్వాన్సు కట్టే ముందు ప్లగ్గు ఏ రకమో చూసుకోండి. మన ఎండల్లో తిరిగొచ్చిన బండికి వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, నీడన కాసేపు చల్లారనివ్వండి.

బస్టాండు దగ్గర నీడతో కూడిన ఛార్జింగ్ పాయింట్లు కావాలని, బంకుల్లో ఇథనాల్ శాతం బోర్డు మీద రాయించి ట్యాంకుల్లో నీరు చేరకుండా తనిఖీ చేయాలని అర్జీలు ఇచ్చాం. జవాబు రాలేదు, మళ్లీ ఇస్తాం.

ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, గ్యాస్కెట్లు టోకున తెప్పించి కొన్న ధరకే ఇస్తున్నాం. పాత పెట్రోలు బండ్ల వాళ్లు వానలు పడకముందే సభ్యత్వ కార్డు చూపించి తీసుకోండి. డీజిల్ బండ్లకు ఇవి అక్కర్లేదు.

ఇట్లు,
కార్యదర్శి