ఇకమీదట సర్వీసు బిల్లులో క్లీనర్ సీసా ఉండదు

మా షెడ్డుకొచ్చే కారు, బైకు కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తారీకు నుంచి జనరల్ సర్వీసు బిల్లులో ‘ఫ్యూయల్ సిస్టమ్ క్లీనర్’ అనే లైను తీసేస్తున్నాం. ఇన్నాళ్లూ ఆయిలు, ఫిల్టర్ల కింద అది దానంతటదే వచ్చి కూర్చునేది. ఎవరైనా అడిగితే “మంచిదేనండి, పోస్తే ఇంజిన్ శుభ్రంగా ఉంటుంది” అనేవాళ్లం. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఆయిలు మీద మిగిలేదానికంటే ఆ సీసా మీదే మాకు ఎక్కువ మిగులుతుంది. ప్రతి బిల్లులోకీ ఎక్కడానికి అసలు కారణం అదే.

సీసా సంగతి ఎత్తగానే వచ్చే రెండో ప్రశ్న: “పోనీ అది మానేసి బంకులో ప్రీమియం కొట్టించమంటారా?” దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేం. ప్రీమియం పెట్రోల్లో కలిసి ఉన్నవి రెండు వేర్వేరు సరుకులు. ఒకటి ఆక్టేన్, రెండోది డిటర్జెంట్, అంటే లోపల పేరుకున్న మురికిని కడిగే మందు. మీకు ఏది కావాలో తేలకుండా డబ్బు పెట్టొద్దు.

ముందు ఆక్టేన్. అది పెట్రోల్లో ఉన్న బలం కాదు. ఒత్తిడికి, వేడికి తనంతట తాను అంటుకోకుండా, ప్లగ్ పెట్టిన మంట తనదాకా వచ్చేవరకు ఆగగలిగే ఓర్పు. అంతే. లీటరులో ఉండే శక్తికీ దానికీ సంబంధం లేదు. 9.5 కంప్రెషన్ (సిలిండర్లో గాలీ పెట్రోలూ ఎన్ని రెట్లు నొక్కుకుపోతాయో ఆ అంకె) ఉండే ఎన్‌ఫీల్డ్ 350కి అంత ఓర్పు అక్కర్లేదు. పోసినా వాడుకోవడం దానికి చేతకాదు. 11.6 కంప్రెషన్ ఉండే ఆర్15 లాంటి బండికి, టర్బో పెట్రోలు కార్లకు ఎండాకాలం, నిండా మనుషులతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఓర్పు పనికొస్తుంది. పెట్రోలు తనంతట తాను అంటుకుంటే వచ్చే చప్పుడును (నాకింగ్) పసిగట్టే నాక్ సెన్సర్ ఇలాంటి చాలా ఇంజిన్లలో ఉంటుంది. తేడా వినగానే అది స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది. మీకు చప్పుడు వినపడదు, పికప్ మాత్రం కాస్త తగ్గుతుంది. ఆక్టేన్ పెంచితే అలా పోయింది తిరిగొస్తుంది. లేని పికప్ కొత్తగా పుట్టదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పాత మామూలు పెట్రోలుకు ఆక్టేన్ కనీసం 91 ఉండాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఎథనాల్ పెట్రోలుకు (ఈ20) ప్రమాణం ప్రకారమే కనీసం 95. ఎథనాల్ ఆక్టేన్ సహజంగానే ఎక్కువ కాబట్టి ఆ పెరుగుదల వచ్చింది. మరి ఎక్స్‌పీ95, పవర్95 లాంటి పేర్లలో ఉన్న 95 చూసి అదనంగా ఇస్తున్నారంటే, ఆక్టేన్ పరంగా మీకు దక్కేది దాదాపు ఏమీ లేదు. మిగిలింది డిటర్జెంట్ ఒక్కటే. నూరు ఆక్టేన్ పెట్రోలు వేరే లెక్క. దాని ధర మామూలు దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. మాన్యువల్లో 97 గానీ అంతకంటే ఎక్కువ గానీ రాసి ఉన్న బండికి తప్ప దాని జోలికి వెళ్లొద్దు. మాన్యువల్ లేకపోతే ట్యాంకు మూత లోపలి స్టిక్కర్ చూడండి.

మీ బండికి ఆక్టేన్ చాలడం లేదా అని తేల్చుకోవడానికి సీసా కొననక్కర్లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఇంద్రకీలాద్రి ఘాట్ లాంటి ఎత్తు మీద ఒక గేరు ఎక్కువలో పెట్టి యాక్సిలరేటర్ తొక్కండి. రేకు డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టు టకటకమంటే అది నాకింగ్. అయినా వెంటనే బంకు మీద నేరం వేయకండి. కూలెంట్ తగ్గిందేమో, ఫ్యాన్ తిరుగుతోందో లేదో, కంపెనీ చెప్పిన హీట్ రేంజ్ ప్లగ్‌లేనా, పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు మూసుకుపోయిందా, ఇవి ముందు చూడాలి. లక్ష దాటిన ఇంజిన్లో పిస్టన్ నెత్తిన పేరుకున్న బొగ్గు కూడా నాకింగ్ తెస్తుంది. మంచి సీసా నిజంగా పనికొచ్చే చోట్లలో ఇదొకటి.

సీసా విషయానికొస్తే, లోపల ఏముందన్నదే ముఖ్యం. లేబుల్ మీద పాలీఈథర్‌అమైన్, లేదా పొట్టిగా పీఈఏ, అని ఉంటే అది పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మూతినీ, పిస్టన్ నెత్తినీ కడగగలదు. పాలీఐసోబ్యుటీన్ అమైన్ రకం ఇంజెక్టర్లనూ ఇన్‌టేక్ వాల్వులనూ బాగా చూసుకుంటుంది గానీ మంట మండే చోట పేరుకున్నదాన్ని అంతగా కదపలేదు. ఏ పేరూ రాయకుండా ‘అద్భుత ఫార్ములా’ అని మాత్రమే ఉన్నది చాలాసార్లు కిరసనాయిలు జాతి ద్రావకం. దాన్ని మేము కౌంటర్ మీద నుంచి తీసేశాం.

ప్రీమియం పెట్రోల్లోని డిటర్జెంటూ సీసాలోని డిటర్జెంటూ పనిలో అన్నదమ్ములే గానీ మోతాదు వేరు. బంకుది రోజూ పళ్లు తోముకోవడం లాంటిది, సీసాది గార తీయించుకోవడం. ఖర్చు లెక్క ఇలా వేయండి. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు పది వేలు తిరిగితే సుమారు 667 లీటర్లు. ప్రీమియానికి లీటరు మీద ₹8 ఎక్కువనుకుంటే ₹5,300 పైమాట. తేడా ఎంతో మీ బంకు బోర్డు చూసి మార్చుకోండి. అదే పది వేలకు ఒక పీఈఏ సీసా పోస్తే ₹500, ₹600 మధ్య అయిపోతుంది. కేవలం శుభ్రత కోసమైతే సీసాదే పైచేయి. అది కూడా అవసరమైన బండికే.

పోసే పద్ధతి చాలామందికి తప్పుతోంది. ట్యాంకు పావు వంతుకొచ్చాక ముందు సీసా, తర్వాత పెట్రోలు. అప్పుడే బాగా కలుస్తుంది. ఆ ట్యాంకు బెంజ్ సర్కిల్ సిగ్నళ్ల దగ్గర కాకుండా ఏలూరు దాకానో గుంటూరు దాకానో హైవే మీద కాల్చండి. కడిగిన మురికిలో కొంత, సీసాలోని రసాయనంలో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. అందుకే ఆయిలు మార్పించే ముందు ట్యాంకులో పోయాలి, మార్పించాక కాదు. సర్వీసు రోజునే కొత్త ఆయిలు నింపి, ఆపైన సీసా పోసి పంపడం తలకిందుల పని. ఆ పని మేమూ చేశాం.

స్కూటర్ల వాళ్లు ఇది తప్పక చదవండి. 60 లీటర్లకు 300 మిల్లీలీటర్లు అని రాసిన సీసా అంటే లీటరుకు 5 మిల్లీలీటర్లు. యాక్టివా ట్యాంకు 5.3 లీటర్లు. దానికి చాలేది 25 మిల్లీలీటర్లు. మందుల షాపులో సిరంజి కొని కొలవండి. డబ్బులిచ్చాం కదా అని సీసా మొత్తం వంపేస్తే మోతాదుకు పది రెట్లు దాటుతుంది. పెట్రోలు ఆక్టేన్ పడిపోతుంది, ప్లగ్ నల్లబడుతుంది, పొద్దున స్టార్టు కాదు, రబ్బరు రింగులు ఉబ్బుతాయి. ఆ తర్వాత తోసుకుంటూ మా దగ్గరికే తేవాలి.

సీసా అస్సలు పనిచేయని చోటు కూడా ఉంది. టీఎస్ఐ, టీజీడీఐ, బూస్టర్‌జెట్ అని పేరున్న కార్లలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది. ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పెట్రోలు చుక్క కూడా పోదు. కాబట్టి ఆ వాల్వుల మీద కట్టిన బొగ్గును ట్యాంకులో పోసిన ఏ మందూ, ఏ ప్రీమియమూ తాకలేదు. మ్యానిఫోల్డ్ విప్పి చేత్తో తీయాల్సిందే. ఆ సీసా ఇంజెక్టర్ మూతికి పనికొస్తుంది, వాల్వుకు కాదు.

ఆక్టేన్ బూస్టర్ సీసాలు మేము అమ్మం. ‘30 పాయింట్లు పెంచుతుంది’ అని ఉంటే 91 కాస్తా 121 అవుతుందనుకుంటారు. ఆ భాషలో పాయింటు అంటే చాలాసార్లు పదో వంతు. అంటే మొత్తం మూడు. పైగా కొన్నింటిలో మాంగనీసు, కొన్నింటిలో ఇనుము ఉంటాయి. ప్లగ్ విప్పితే పింగాణీ ఇటుక రంగులో కనిపిస్తే కారణం అదే కావచ్చు. ఆ పొర వేడెక్కినప్పుడు కరెంటు దాని మీదుగా జారిపోయి మిస్‌ఫైర్ వస్తుంది. సైలెన్సర్లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మీదా అదే పేరుకుంటుంది. దాని ధర తెలిసినవాళ్లు ఆ సీసా ముట్టుకోరు.

పెట్రోలు గొట్టానికి తగిలించే మాగ్నెట్లు, ట్యాంకులో వేసే మాత్రలు దండగ.

డీజిల్ వాళ్లకు ప్రీమియం అంటే ముఖ్యంగా డిటర్జెంటు, కాస్త సీటేన్ (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె). బీఎస్6 మామూలు డీజిల్‌కే సీటేన్ కనీసం 51. చలిలో స్టార్టవడం కోసం అంతకంటే పెంచుకోవాలంటే మన చలికాలం స్వెట్టరు బయటికి తీసి మళ్లీ లోపల పెట్టేంత మాత్రమే. “సల్ఫరు 10 పీపీఎంకి తగ్గించారు, పంపు అరిగిపోతుంది, 2టీ ఆయిలు కలపండి” అనే సలహా బాగా తిరుగుతోంది. 2టీ అంటే టూ-స్ట్రోక్ బండ్లకు పెట్రోల్లో కలిపే ఆయిలు. పంపుకు కావలసిన జారుడుతనం డీజిల్ ప్రమాణంలోనే ఉంది, రిఫైనరీ స్థాయిలోనే చూసుకుంటారు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండిలో 2టీ పోస్తే దాని బూడిద ఫిల్టర్లో చేరుతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. డీపీఎఫ్ లైటు వెలిగితే మొదటి మందు వారధి దాటి గుంటూరు వైపు హైవే మీద ఆగకుండా 60, 70 వేగంతో ఇరవై నిమిషాలు నడపడం. డీజిల్ ఫిల్టర్ కింద ఉండే నీళ్ల స్క్రూ రెండు మూడు చుట్లు వదులు చేసి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. రెండు వేల బార్ల దాకా ఒత్తిడితో పనిచేసే ఇంజెక్టర్‌ను ఆ నీటి చుక్క పాడుచేసినంతగా ఇంకేదీ పాడుచేయదు.

ఎథనాల్ గురించి. “ఈ20 వల్ల మైలేజీ పడింది, దానికి మందుందా?” లేదు. లీటరు ఎథనాల్లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదికే పాత కార్లకు 6 నుంచి 7 శాతం, టూవీలర్లకు 3 నుంచి 4 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. ఏ సీసా ఆ శక్తిని తిరిగి పోయలేదు. ‘ఈ20 రక్షణ’ అని అమ్మేవాటిలో తుప్పు పట్టకుండా ఆపే రసాయనం ఉంటే లోహానికి మేలే. ఉబ్బిన రబ్బరును మాత్రం అది బాగుచేయదు. పాత కార్బురేటర్ బండికి ఆ డబ్బుతో పెట్రోలు గొట్టం, ఫ్లోట్ పిన్ను మార్పించండి. పిన్ను మొన ఎథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరుది అడగండి, గొట్టం మీద ఆర్9 ముద్ర చూడండి.

ట్యాంకులోకి నీళ్లు దిగిన బండి సంగతి వేరు. ఎథనాల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, హద్దు దాటితే నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినట్టు ఇంకోసారి మునిగితే, సీసా వెతక్కండి. స్టార్టు చేయకుండా ట్యాంకు మొత్తం దింపించండి.

పెట్రోల్లో ఎథనాల్ ఎంతుందో మీరే చూసుకోవచ్చు. గీతలున్న గాజు గొట్టంలో 90 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కుదిపి పది నిమిషాలు ఉంచండి. ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా. అడుగున పొర దాదాపు 28 దగ్గరికొస్తే 20 శాతం ఉన్నట్టు, 10 దగ్గరే ఆగితే ఎథనాల్ లేనట్టు. ప్రీమియంలో ఎథనాల్ ఉండదని ఎవరో చెప్పారని అదనంగా కట్టేముందు ఈ పరీక్ష ఒక్కసారి చేయండి.

కొడుకు అమెరికా వెళ్లాక షెడ్డులో నిలబడిపోయే బైకులు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటికి మాత్రం, నిల్వ పెట్రోలు పాడవకుండా ఆపే స్టెబిలైజర్ సీసా మేమే పోయమంటాం. పోసి, ట్యాంకు నిండా నింపి, పది నిమిషాలు నడిపి ఆపండి. కార్బురేటర్ బండైతే కింది స్క్రూ విప్పి గిన్నె ఖాళీ చేయండి. ట్యాంకు సగం ఉంచితే పైన గాలి తగిలే చోట తుప్పు మొదలవుతుంది.

ఇక మా దగ్గర కొత్త పద్ధతి. “పికప్ లేదు, మైలేజీ లేదు” అని వచ్చిన బండికి ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ గ్యాపు, టైరు గాలి, పట్టేసిన బ్రేకు, జారుతున్న క్లచ్ చూస్తాం. తర్వాత స్కానర్ పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చదువుతాం, అంటే ఇంజిన్ కంప్యూటర్ లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తోందో చూస్తాం. ప్లస్ పది లోపుంటే సీసా అక్కర్లేదని చెప్పి పంపుతాం. దాటితే ముందు గాలి ఎక్కడైనా లీకవుతోందా, పంపు ప్రెషర్ సరిపోతోందా అని చూస్తాం. అవి సరిగ్గా ఉంటేనే ఇంజెక్టర్లు అనుమానం. అప్పుడు ఒక సీసా, ఒక ఫుల్ ట్యాంకు, మళ్లీ స్కానింగ్. అంకె కిందికి రాకపోతే రెండో సీసా అమ్మం, ఇంజెక్టర్లు విప్పి బెంచి మీద పెట్టి కడుగుతాం. నాలుగు ఇంజెక్టర్లూ ఎంతెంత చిమ్ముతున్నాయో గాజు గొట్టాల్లో మీ కళ్లముందే కనపడుతుంది.

మొదటి స్కానింగుకు డబ్బు తీసుకోం. గత ఆరు నెలల్లో మా బిల్లు మీద కొని, ఇంకా సీలు విప్పని క్లీనర్ సీసా డిక్కీలో ఉంటే బిల్లుతో సహా తెచ్చివ్వండి, పూర్తి డబ్బు వెనక్కిస్తాం. బిల్లు పోయినా ఫర్వాలేదు, మీ బండి నంబరు మీద మా పుస్తకంలో ఉంటుంది.